మసాలా తరుగు

అద్దంకి పాత బస్టాండు వెనక సందులో ఖలీల్ మిల్లు ఉంది. అందులో మూడు మిషన్లు. పెద్దది పిండికి, రెండోది కారానికి, గోడవారగా ఉన్న చిన్నది మసాలాలకి. కారం మిషను ఆడుతుంటే సందు చివర ఉన్న టైలరు కూడా తుమ్ముతాడు. ఖలీల్ తుమ్మడు. ఇరవై ఆరేళ్ళ క్రితం, మిల్లు పెట్టిన మొదటి నెలలోనే, తుమ్మాల్సినవన్నీ తుమ్మేశాడు.

మిల్లుకి తెచ్చిన సరుకు ఆడించాక ఎంతో కొంత తగ్గుతుంది. దాన్ని తరుగు అంటారు. కొంత పొడి గాలిలో కలిసిపోతుంది. కొంత మిషను లోపల ఉండిపోతుంది. ఎక్కువ భాగం మిషను నోటికి కట్టిన గుడ్డసంచికి లోపల అంటుకుంటుంది. ఆ సంచిని పదిసార్లు గట్టిగా దులిపితే దాదాపు అంతా రాలుతుంది. ఖలీల్ రెండుసార్లు దులుపుతాడు. పదిసార్లు దులిపితే కుడి భుజం లాగుతుంది, పైగా బయట జనం నిలబడి ఉంటారు.

ప్రతి నెలా మొదటి గురువారం పొద్దున పది గంటలకి జైతున్‌బీ వచ్చేది. ఆమెకి అరవై రెండేళ్ళు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ బిర్యానీ వండుతుంది. ఖలీల్‌కి చుట్టరికం ఏమీ లేకపోయినా పిన్నిని పిలిచినట్టు ఖాలా అని పిలుస్తాడు. ఆమె తెచ్చే స్టీలు డబ్బాలో దాల్చినచెక్క, లవంగాలు, యాలకులు, షాజీరా, జాపత్రి, అనాసపువ్వు, మరాఠీ మొగ్గ, రాతిపువ్వు, కొద్దిగా ధనియాలు ఉండేవి. దేనికది విడిగా వేయించి, చల్లార్చి, అప్పుడు కలిపి తెచ్చేది. మూత తీస్తే కారం మిషను పక్కన నిలబడ్డవాళ్ళు కూడా తల తిప్పి చూసేవాళ్ళు.

ఆమెకి దగ్గు. డబ్బా ఇచ్చి, మిషను ఆడినంతసేపూ టైలరు కొట్టు ముందు కూర్చునేది. తర్వాత వచ్చి, డబ్బా చేత్తో ఎత్తి చూసేది.

"గుప్పెడు తగ్గిందిరా."

"తరుగు ఖాలా."

"ఊళ్ళో తరుగంతా నాకేనా?"

ఖలీల్ కారం మిషను వైపు తిరిగేవాడు. ఆమె వెళ్ళిపోయేది. ఈ మూడు మాటలూ పద్నాలుగేళ్ళపాటు నెలకోసారి జరిగాయి. ఖలీల్ తన మసాలా గుప్పెడు తీసి ఇంట్లో వాడుకుంటున్నాడని జైతున్‌బీ నమ్మకం. నిజానికి ఖలీల్ భార్య ఆయేషా కిరాణా కొట్లో దొరికే పది రూపాయల ప్యాకెట్టు వాడుతుంది.

అదే గురువారం పదిన్నరకి సుబ్బరావమ్మ ఆటో వచ్చి ఆగేది. ఆమెది అద్దంకికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక పల్లె. పదెకరాల మిరప, నాలుగెకరాల పత్తి, గట్ల వెంట కొద్దిగా ధనియాలు. భర్త వెంకయ్య, కొడుకు కోటేష్ వ్యవసాయం చూసుకుంటారు. ఆమె అరకిలో డబ్బాలో మూడు వంతులకు పైగా ధనియాలే ఉండేవి. మిగతాది జీలకర్ర, కాసిని మిరియాలు, వేలెడు చెక్క, పన్నెండు లవంగాలు. పిసినారితనం కాదు. లవంగం ఎక్కువైతే వేడి చేస్తుందని ఆమె అభిప్రాయం.

పద్నాలుగేళ్ళ క్రితం ఒకసారి పని మీద అద్దంకి వచ్చి, ఇంతదూరం వచ్చాం కదా అని మసాలా ఈ మిల్లులో ఆడించుకుంది. ఆ రోజు నెలలో మొదటి గురువారం. ఆ మసాలాతో వండిన కోడికూర గిన్నెలు నాకించింది. సుబ్బరావమ్మ ఆలోచించి, తనకి గురువారం పదిన్నర కలిసొచ్చిందని తేల్చుకుంది. అప్పటినుంచి వేరే రోజు ఆడించలేదు. పైగా ఆమె డబ్బా తెచ్చినప్పటికంటే నిండుగా తిరిగొచ్చేది.

"తరుగు లేని మిల్లు ఇదొక్కటేనమ్మా. ఖలీలు దేవుడులాంటోడు" అని ఊళ్ళో చెప్పేది. ఆమె మాట విని ఊరంతా కారం ఖలీల్ దగ్గరే పట్టించుకునేవాళ్ళు.

ఊళ్ళో దాన్ని సుబ్బరావమ్మ మసాలా అనేవాళ్ళు. కూతురు కాన్పుకి వస్తే చెంచాడు అడిగి తీసుకుపోయేవాళ్ళు. హెడ్మాస్టరు బదిలీ అయి సింగరాయకొండ వెళ్ళేటప్పుడు అరకిలో కట్టించుకుని వెళ్ళాడు. ఏం వేస్తారండీ అని అడిగితే సుబ్బరావమ్మ ఉన్నదున్నట్టు చెప్పేది. వాళ్ళు అలాగే చేసుకునేవాళ్ళు. వచ్చేది కాదు. "చేతిలో ఉంటదమ్మా, అది చెబితే వచ్చేది కాదు" అని పెద్దవాళ్ళు సర్దిచెప్పేవాళ్ళు. సుబ్బరావమ్మ కాదనేది కాదు.

ఖలీల్‌కి సంగతి రెండో ఏడే తెలిసింది. ఒక గురువారం మిషనులో పోయకముందు సుబ్బరావమ్మ డబ్బా మూత తీసి వాసన చూశాడు, ఆడించాక మళ్ళీ చూశాడు. పోసినప్పుడు ధనియాల వాసన. వచ్చేటప్పుడు జైతున్‌బీ వాసన. గుడ్డసంచి వైపు చూశాడు. ఇక చూడ్డానికి ఏమీ మిగల్లేదు.

మరుసటి నెల జైతున్‌బీ మసాలా ఆడించాక సంచిని పదిసార్లు దులపాలని గట్టిగానే అనుకున్నాడు. రెండుసార్లు దులిపేసరికి ఆటో వచ్చింది. సుబ్బరావమ్మతో పాటు మరో ముగ్గురు ఆడవాళ్ళు మిరపకాయల గోతాలతో దిగారు. "ఇంకా అవలేదా ఖలీలూ?" అని ఆమె బయటినుంచే కేకేసింది. ఖలీల్ చెయ్యి ఆగింది. పై నెల చెబుదాంలే అనుకున్నాడు. అలా పన్నెండేళ్ళు అనుకున్నాడు.

ఈ ఏడాది మార్చి మొదటి గురువారం జైతున్‌బీ రాలేదు. చీరాలలో ఉంటున్న కూతురు రిహానా పెద్ద మిక్సీ ఒకటి కొనిచ్చింది. అందులో వేసింది వేసినట్టు వస్తుందని, గుప్పెడు కాదు కదా గింజ కూడా పోదని చెప్పి ఇచ్చింది.

పదింటికి ఆమె బదులు బుల్లయ్య అనే రైతు వచ్చాడు. అతని గేదె మేత సరిగ్గా తినడం లేదు. పశువుల డాక్టరు మందుతో పాటు, తన తాత నాటి మందు కూడా పెట్టాలని శొంఠి, వాము, మిరియాలు తెచ్చాడు. ఖలీల్ ఆడించి ఇచ్చాడు. సంచి రెండుసార్లు దులిపాడు. పదిన్నరకి సుబ్బరావమ్మ వచ్చింది.

ఆ ఆదివారం వాళ్ళ చేలో మిరప కోతలు అయిపోయాయి. ఆఖరి రోజు కూలీలకి వేటమాంసం పెట్టడం ఆ ఇంట్లో అలవాటు. పాతికమంది కూర్చున్నారు. వెంకయ్య మొదటి ముద్ద తిని భార్యని పిలిచాడు.

"కూరలో ఏం వేశావు?"

"ఎప్పుడూ వేసేదే. ఏం?"

"ఏం లేదు. గొంతు తెరుచుకుంది."

కూలీల ముఠాకి పెద్ద పిచ్చమ్మ. ఆమె ముక్కు ఎగబీల్చి చూసుకుంది.

"నాలుగు రోజుల్నుంచి ముక్కు పట్టేసి చచ్చిపోతన్నానమ్మా. ఇప్పుడు గాలి ఆడతంది. మంచి కూర."

మంచి కూర అని అందరూ ఒప్పుకున్నారు. మారు మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో మాంసం కూర మిగలడం అదే మొదలు. బుల్లయ్య గేదె ఆ వారమే కోలుకుంది.

ఏప్రిల్ గురువారం సుబ్బరావమ్మకి ముందు మసాలా మిషను దగ్గర ఎవరూ లేరు. ఈసారి వాము వాసన రాలేదు. ఏ వాసనా రాలేదు. కోడికూర తిని కోటేష్ అన్నాడు, "అమ్మా, ధనియాల చారులో కోడిని ముంచినట్టుంది." సుబ్బరావమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

సోమవారం పొద్దున్నే డబ్బా పట్టుకుని మిల్లుకి వచ్చింది. గురువారం కాని రోజు ఆమె రావడం చూసి ఖలీల్ కారం మిషను ఆపేశాడు. ఆయేషా కాటా దగ్గర కూర్చుని ఉంది.

"మిషను మార్చావా?" అంది సుబ్బరావమ్మ.

"లేదమ్మా."

"రాయి మార్చావా, పళ్ళు మార్చావా, ఏం మార్చావు?"

"ఏదీ మార్చలేదమ్మా. అన్నీ పాతవే."

"మరి నా లవంగాలు ఎటు పోయినయ్యి? ఎవరి డబ్బాలో పోశావు?"

"మీ డబ్బాలోనే ఉన్నాయమ్మా. పన్నెండూ ఉన్నాయి."

సుబ్బరావమ్మ అతన్ని చూసింది. "పన్నెండని నీకెట్టా తెలుసు?"

సుబ్బరావమ్మ గొంతు పెరిగింది. పద్నాలుగేళ్ళు దేవుడన్నాననీ, రేపటినుంచి తమ ఊరినుంచి ఒక్క గోతం కూడా ఈ గుమ్మం తొక్కదనీ, ఎక్కడ ఆడించుకోవాలో తమకి తెలుసనీ అంది. పిండి కోసం వచ్చిన ఇద్దరు గోడకి ఆనుకుని వింటున్నారు.

ఆయేషా కాటా మీదనుంచి చెయ్యి తీసి మొగుడితో అంది, "చెప్పెయ్యండి. ఎట్టాగూ తిడతన్నారు. ఉన్నమాట చెప్పి తిట్టించుకోండి."

ఖలీల్ చెప్పాడు. గుడ్డసంచి విప్పి, తిరగేసి, లోపల అంటుకున్న పొడి చూపించి చెప్పాడు. పద్నాలుగేళ్ళ సంగతి నాలుగు నిమిషాల్లో అయిపోయింది. సుబ్బరావమ్మ తిట్టలేదు. మిరపకాయల గోతం మీద కూర్చుంది.

"మొదటి నెల నుంచీనా?"

"మొదటి నెల నుంచీ అమ్మా."

"మా అన్న కూతురి పెళ్ళప్పుడు?"

"అప్పుడు కూడా."

"హెడ్మాస్టరు పట్టుకుపోయిందీ?"

"అది ఏ నెలమ్మా?"

"జూన్."

ఖలీల్ వేళ్ళ మీద లెక్క చూశాడు. "జూన్‌లో ఖాలా వచ్చింది."

సుబ్బరావమ్మ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. ఊరందరూ చేతిలో ఉందన్న చేతులు. అరవై ఏళ్ళ వయసులో వాటి గురించి కొత్త సంగతి తెలియడం ఆమెకి ఇష్టం లేదు.

"ఆమె లవంగాలు ఎన్ని వేస్తది?"

"అది చెప్పకూడదమ్మా. మీ పన్నెండు కూడా ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

సుబ్బరావమ్మ లేచింది. "ఆమె ఇల్లెక్కడ?"

"ఎందుకమ్మా?"

"నువ్వూ రా."

ఇద్దరూ సుబ్బరావమ్మ ఆటోలో వెళ్ళారు. దారి ఖలీల్ చెప్పాడు.

జైతున్‌బీ వంటింట్లో మిక్సీ మూత పట్టుకుని నిలబడి ఉంది. మిక్సీ అరుస్తోంది. గదిలో మసాలా వాసనతో పాటు వేడెక్కిన మోటారు వాసన కూడా ఉంది. ఖలీల్‌ని చూసి ఆమె మిక్సీ ఆపింది.

"ఏరా, ఈ నెల గుప్పెడు ఇంటికొచ్చి పట్టుకుపోదామని వచ్చావా?"

ఖలీల్ గుమ్మంలోనే నిలబడి మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఒకసారి చెప్పి ఉండటం వల్ల ఈసారి మూడు నిమిషాలే పట్టింది.

"అయితే నువ్వు తినలేదా?" అంది జైతున్‌బీ.

"చిటికెడు కూడా తినలేదు ఖాలా."

"తిన్నా బాగుండేది కదరా! రంజాన్‌కి మీ ఆవిడ ఎన్నిసార్లు పిలిచినా నేను రాలేదు, నా మసాలా నాకే వడ్డిస్తారని. పద్నాలుగు రంజాన్లు!" ఆమెకి దగ్గొచ్చింది. నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, సుబ్బరావమ్మ వైపు తిరిగింది. "మీరు తిన్నారన్నమాట."

"తిన్నాం" అంది సుబ్బరావమ్మ. "తెలిసి తినలేదు. కానీ తిన్నాం."

జైతున్‌బీ ఇంకేదో గట్టి మాట అనబోతోందని ఖలీల్ తల వంచుకున్నాడు. ఆమె అన్నది వేరే.

"ఎట్టా ఉండేది?"

సుబ్బరావమ్మకి ప్రశ్న అర్థం కాలేదు.

"మసాలా. ఎట్టా ఉండేది? నలభై ఏళ్ళనుంచి వండుతన్నా. తిన్నోళ్ళు మటన్ బాగా ఉడికిందంటారు. రైసు పొడిపొడిగా ఉందంటారు. పెళ్ళివారు బాగా పెట్టారంటారు. మసాలా మాట ఇంతవరకు ఒక్కడు అనలేదు. నేను రైసుతో కలిపి తప్ప తినలేదు, నాకూ తెలియదు. మీరు కోడికూరలో వేసుకున్నారుగా. చెప్పండి."

సుబ్బరావమ్మ చెప్పడం మొదలుపెట్టింది. మొదట్లో మాటలు కూడబలుక్కుంది. తర్వాత ధారాళంగా వచ్చాయి. ఎందుకంటే తనని ఎవరు ఎప్పుడు మెచ్చుకున్నదీ ఆమె ఒక్కటి కూడా మర్చిపోలేదు. కూర పొయ్యి మీదనుంచి దించకముందే వీధిలో పోయేవాళ్ళు ఎవరింట్లో అని అడిగేవాళ్ళని చెప్పింది. జ్వరం పడి లేచిన తోటికోడలు వారం రోజుల తర్వాత మొదటి ముద్ద ఆ కూరతోనే తిన్నదని చెప్పింది. అన్న కూతురి పెళ్ళిలో వియ్యంకుడు వంటపందిట్లోకి వచ్చి, వండిన చేతులేవని అడిగితే తను చేతులు చూపించానని చెప్పింది. అది చెప్పేటప్పుడు ఆగింది.

"చూపించారా?" అంది జైతున్‌బీ.

"చూపించాను."

"ఆయన ఏమన్నాడు?"

"వెండి గిన్నె పెట్టాడు."

"ఊఁ. తర్వాత?"

ఒక్కో మెప్పూ చెబుతుంటే సుబ్బరావమ్మకి తన ఇంట్లో సామాను ఒక్కొక్కటే తెచ్చి ఇక్కడ దించుతున్నట్టుంది. అయినా మధ్యలో దాచుకోలేదు. హెడ్మాస్టరు సింగరాయకొండ నుంచి రాసిన ఉత్తరంలో మాటలు కూడా చెప్పింది. జైతున్‌బీ కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు మూడుచోట్ల మళ్ళీ చెప్పించుకుంది. తోటికోడలి ముద్ద సంగతి విన్నప్పుడు కొంగుతో ముక్కు తుడుచుకుని, మిక్సీ పొగ అంది. మిక్సీ ఆపి అప్పటికి అరగంట అయింది.

అంతా అయ్యాక జైతున్‌బీ సుబ్బరావమ్మ చేతిలో డబ్బా తీసుకుని మూత తీసి చూసింది.

"ఇందులో మసాలా లేదు."

"తెలుసు."

"ధనియాలు మాత్రం మంచివి. ఏ కొట్లోవి?"

"కొట్లోవి కాదు. మా చేలోవి. మేమే పండిస్తాం."

"నాకు పెట్టండి అయిదు కిలోలు. బజారువి పుల్లల్లా ఉంటన్నయి."

"పెడతాను. మరి లవంగాలు..."

"చెప్పను."

"సరే" అంది సుబ్బరావమ్మ. ఆటో ఎక్కబోతూ వెనక్కి వచ్చింది. "మే నెలలో మా కోటేష్ ఇంటిపైన స్లాబు వేస్తన్నాడు. పనివాళ్ళు, ఊళ్ళోవాళ్ళు కలిసి ఎనభై మంది తేలతారు. బిర్యానీ వండిపెడతారా?"

"డేటు చెప్పండి" అంది జైతున్‌బీ.

మే మొదటి గురువారం జైతున్‌బీ మూతికి మాస్కు కట్టుకుని మిల్లుకి వచ్చింది. మిక్సీలో పొడి వేడెక్కి సగం వాసన పోతోందని ఖలీల్‌కి చెప్పలేదు, మిల్లు దగ్గరని వచ్చానంది. మిషను పక్కనే నిలబడి, సంచి పదిసార్లు దులిపించుకుంది. ఖలీల్ భుజానికి ఆయేషా మూడు రోజులు కాపడం పెట్టింది. సుబ్బరావమ్మ పదిన్నరకే వచ్చి, వచ్చింది వచ్చినట్టు ఆడించుకుని వెళ్ళింది. ఇప్పుడు ఆమె లవంగాలు ముప్ఫై వేస్తోంది. కూర ఫరవాలేదు. అందరి ఇళ్ళల్లో లాగే ఉంటోంది. వయసు మీద పడి చెయ్యి మారిందని ఊళ్ళో అనుకున్నారు.

స్లాబు మధ్యాహ్నం రెండింటికి అయిపోయింది. సిమెంటు కాళ్ళు కడుక్కుని పనివాళ్ళు షామియానా కింద కూర్చున్నారు. ఊళ్ళోవాళ్ళూ వచ్చారు. ఖలీల్, ఆయేషా వచ్చారు. జైతున్‌బీ డేగిసా మూత తీసింది. అందరూ విస్తళ్ళ మీదకి వంగారు. కాసేపటికి, పంచాయతీ ఆఫీసులో పనిచేసి రిటైరైన ప్రేమ్‌చంద్ గారు విస్తరిలోంచి తలెత్తాడు.

"సుబ్బరావమ్మ గారూ, ఎన్నాళ్ళకి మీ మసాలా తగిలింది! మొన్నామధ్య ఏమైపోయిందో అనుకున్నాం."

సుబ్బరావమ్మ వడ్డన గరిటె కింద పెట్టింది. ఈ మాట చెప్పాలని ఆమె నెల రోజులుగా అనుకుంటోంది.

"అది నా మసాలా కాదండీ. ఈ జైతున్‌బీ గారిది. ఇన్నాళ్ళూ మీరు తిన్నది కూడా ఈమెదే." గుడ్డసంచి సంగతి మొత్తం చెప్పింది. అందరూ విన్నారు. విని నవ్వారు.

"ఎంత మనసమ్మా మీది! వంటమనిషికి కూడా పేరు ఇస్తన్నారు" అంది పిచ్చమ్మ.

"నిజం పిచ్చమ్మా. ఖలీలునే అడుగు."

ఖలీల్ లేచి నిలబడి, నిజమేననీ, తప్పు తనదేననీ అన్నాడు.

"కూర్చోవయ్యా" అన్నాడు ప్రేమ్‌చంద్. "నీ మిల్లులో తరుగు లేదని ఈవిడే మాకు పద్నాలుగేళ్ళుగా చెబుతోంది. నువ్వు అట్టాంటి మనిషివి కాదు. సుబ్బరావమ్మ గారూ, మసాలా ఎట్టా చేస్తారో చెప్పటం ఇష్టం లేకపోతే మానెయ్యండి. దానికింత కథ ఎందుకు? ఏమాటకామాట, ఈమెకి బాగానే నేర్పారు. మీరు వేసినంత కుదరలేదు గానీ, దగ్గరికి వచ్చింది."

సుబ్బరావమ్మ ఇంకోసారి చెప్పబోయింది. వినడానికి ఎవరూ లేరు, ముక్కలు అడుగుతున్నారు. వెంకయ్య కూడా విస్తరి చూపించి "ఇటు" అన్నాడు. ఆమె డేగిసా దగ్గరికి నడిచింది. జైతున్‌బీ ముక్కాలిపీట మీద కూర్చుని గిన్నెలో కొంచెం బిర్యానీ పెట్టుకుని తింటోంది.

"విన్నారా?" అంది సుబ్బరావమ్మ.

"విన్నా."

"నేను చెప్పాను. నమ్మటం లేదు."

"చెప్పావుగా అక్కా. కూర్చో, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు నువ్వు."

సుబ్బరావమ్మ ఒక విస్తరి తెచ్చుకుని పక్కన కింద కూర్చుంది. జైతున్‌బీ వడ్డించింది. అటు ప్రేమ్‌చంద్ గారు మూడోసారి పెట్టించుకుంటున్నాడు. సుబ్బరావమ్మ రెండు ముద్దలు తిని, ఆగి, మూడో ముద్ద నిదానంగా నమిలింది.

"ఉప్పు కొంచెం పడాలి" అంది.

జైతున్‌బీ తన గిన్నెలోంచి ఇంకో ముద్ద తిని చూసింది.

"పడాలి" అంది.